టెక్సాస్‌లో సీఎల్ఈ, సివిల్ ప్రొసీజర్, ఇంకా ఆ సోమవారం పది గంటల గొడవ

టెక్సాస్‌లో లాయర్ లైసెన్స్ ఉన్నవాళ్లు ఏటా 15 గంటలు సీఎల్ఈ చెయ్యాలి, అందులో 3 గంటలు ఎథిక్స్. సీఎల్ఈ అంటే కంటిన్యూయింగ్ లీగల్ ఎడ్యుకేషన్, లా అయిపోయి బార్ పాసయ్యి కోర్టుల చుట్టూ తిరుగుతున్నా వదలని చదువు అన్నమాట. ఈ లెక్క జనవరి నుంచి డిసెంబర్ కాదు, ఎవరి పుట్టిన నెలని బట్టి వాళ్లకి నడుస్తుంది, అందుకే మా ఆఫీసులో ఎవరన్నా ఉన్నట్టుండి లంచ్ టైంలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రోజూ వీడియోలు చూస్తున్నారంటే వాళ్ల బర్త్‌డే దగ్గరపడిందని మాకు తెలిసిపోతుంది. చెయ్యకపోతే ముందు లేట్ ఫీజు, అప్పటికీ కదలకపోతే లైసెన్స్ సస్పెండ్. ఇది తప్పనిసరి అని మొదట పెట్టింది మిన్నెసోటా, అయోవా రాష్ట్రాలు, 1975లో, తర్వాత ఒక్కో రాష్ట్రం అందుకుంది. కాలిఫోర్నియాలో మూడేళ్లకి 25 గంటలు, న్యూయార్క్‌లో రెండేళ్లకి 24, ఇలా ఎవరి లెక్క వాళ్లది.

గంటలు నింపుకోవడానికి కోర్సులకి కొదవ లేదు. ఏఐ మీద, నెగోషియేషన్ మీద, క్లయింట్లతో ఎలా మాట్లాడాలి అనేదాని మీద, ఇంకా గల్ఫ్ ఒడ్డున మంచి హోటల్లో రెండు రోజులు పెట్టేవి కూడా ఉంటాయి, వాటికి సీట్లు ముందే అయిపోతాయి. నేను మాత్రం ఏటా ఒకటైనా సివిల్ ప్రొసీజర్ రూల్స్, అంటే సివిల్ దావాలు కోర్టులో ఎలా నడవాలో చెప్పే రూల్స్, వాటి అప్‌డేట్ కోర్సు తీసుకుంటా. మావాళ్లు నవ్వుతారు, అది లా స్కూల్లోనే చదివేశాం కదా, మళ్లీ డబ్బులు పెట్టి వినడమేంటి అని. నా అభిప్రాయం ఏంటంటే ఆ కోర్సు కొత్తగా బార్ పాసైన పిల్లలకంటే 20 ఏళ్ల ప్రాక్టీసు ఉన్నవాళ్లకే ఎక్కువ కావాలి. రూలు తెలియని జూనియర్ భయపడి పుస్తకం తీసి చూస్తాడు. పాత రూలు కంఠతా వచ్చిన సీనియర్ చూడడు, ఎందుకంటే ఆయనకి తెలుసు కదా.

రూల్స్ ఎక్కడ మారతాయో కొంచెం చెప్తే ఈ బాధ అర్థమవుతుంది. టెక్సాస్ రూల్స్ ఆఫ్ సివిల్ ప్రొసీజర్ 1941 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, వీటిని రాసేదీ మార్చేదీ ఎక్కువగా టెక్సాస్ సుప్రీంకోర్టే, 1939లో లెజిస్లేచర్ చేసిన చట్టం ప్రకారం. అంటే అసెంబ్లీలో చర్చ, టీవీలో గోల, అలాంటివేం ఉండవు, కోర్టు ఒక ఆర్డర్ ఇస్తుంది, అది వెబ్‌సైట్‌లో పడుతుంది, బార్ జర్నల్‌లో వస్తుంది, ఫలానా తేదీ నుంచి అమలు అంటుంది, అంతే. మధ్యలో లెజిస్లేచర్ కూడా రెండేళ్లకోసారి కూర్చున్నప్పుడు తన వంతు ఓ చెయ్యి వేస్తుంది. మన ఇండియాలో కూడా ఇలాంటి ఏర్పాటు ఉంది, సీపీసీ (మన సివిల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 122 కింద హైకోర్టులు దాని ఫస్ట్ షెడ్యూల్‌లో ఆర్డర్లు అనే పేరుతో ఉన్న రూల్స్‌ని తమ రాష్ట్రానికి తగ్గట్టు మార్చుకోవచ్చు, దాని పక్కన మన సివిల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్ 1980 ఎలాగూ ఉంది. గుంటూరులో జూనియర్‌గా ఉన్నప్పుడు ఆ పుస్తకం మా గుమస్తా గారికి తెలిసినంత మా సీనియర్ గారికి తెలీదు, ప్లెయింట్ (వాది వేసే దావా కాగితం) రిటర్న్ అయి వస్తే ఆబ్జెక్షన్ ఏంటో చూడకముందే గుమస్తా గారు చెప్పేవారు.

సరే టెక్సాస్‌కి వద్దాం. ఇక్కడ ఈ మధ్య కాలంలో పెద్ద మార్పు 2021 జనవరి 1న వచ్చింది. అంతకుముందు దావా పడ్డాక ఒక పక్షం ఇంకో పక్షానికి రిక్వెస్ట్ ఫర్ డిస్‌క్లోజర్ అని ఒక కాగితం పంపితేనే అవతలివాళ్లు తమ సాక్షులెవరు, డ్యామేజెస్ ఎలా లెక్కేశారు, ఇన్సూరెన్స్ ఉందా లాంటివి చెప్పాలి. అందరి పిటిషన్ టెంప్లేట్‌లోనూ చివర్లో ఆ రిక్వెస్ట్ పేరా ఒకటి ఉండేది, కాపీ పేస్ట్. 2021 నుంచి అడగక్కర్లేదు, రూల్ 194 ప్రకారం మొదటి ఆన్సర్ (దావాకి ప్రతివాది వేసే జవాబు) పడిన 30 రోజుల్లో ఎవరివి వాళ్లు ఇచ్చేయాలి. పైగా ఆ ఇనిషియల్ డిస్‌క్లోజర్ల గడువు వచ్చేదాకా మామూలుగా ఇంక ఏ డిస్కవరీ, అంటే ట్రయల్‌కి ముందు అవతలివాళ్ల నుంచి సమాచారం, కాగితాలు రాబట్టే ప్రశ్నలు, పంపడానికీ లేదు. ఎక్స్‌పర్ట్ సాక్షుల వివరాలు కూడా అడక్కుండానే ఇవ్వాలి, ఉపశమనం కోరేవాళ్లు డిస్కవరీ పీరియడ్ ముగిసేదానికి 90 రోజుల ముందు, మిగతావాళ్లు 60 రోజుల ముందు. అడగలేదు కదా అని ఊరుకుంటే ట్రయల్లో ఆ ఎక్స్‌పర్ట్‌ని కూర్చోబెట్టడానికే వీల్లేకపోవచ్చు.

ఇందులో నాకు బాగా గుర్తుండిపోయిన చిన్న ముక్క ఇంకోటుంది. పాత రూల్లో ప్రతివాది ఆన్సర్ వేయకముందే దావా కాగితాలతో పాటు ప్రశ్నలూ పంపేస్తే, వాటికి జవాబు చెప్పడానికి 30 బదులు 50 రోజులు ఉండేది. ఆన్సర్‌కి ముందు డిస్కవరీయే లేదన్నాక ఆ 50 రోజుల మాట కూడా తీసేశారు. కానీ టెంప్లేట్లలో పోలేదు! ఇప్పటికీ అక్కడక్కడా "50 రోజుల్లోగా" అనే లైన్ ఉన్న కాగితాలు వస్తుంటాయి, అవి చూస్తే ఆ ఆఫీసులో చివరిసారి టెంప్లేట్ ఎప్పుడు తెరిచారో తెలిసిపోతుంది. అవతల నుంచి రావడం పర్లేదు, మన క్యాలెండర్‌లో 50 అని ఉంటేనే కొంప మునిగేది, ఎందుకంటే రిక్వెస్ట్స్ ఫర్ అడ్మిషన్ అనేవాటికి 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే రూల్ 198 ప్రకారం వాటంతట అవే ఒప్పుకున్నట్టు అయిపోతాయి, జడ్జి ఆర్డర్ కూడా అక్కర్లేదు. "ఈ డబ్బు నువ్వు బాకీ ఉన్నమాట నిజమేనా" అని అడిగితే నువ్వు పలకలేదు కాబట్టి నిజమే. తర్వాత విత్‌డ్రా చేసుకోవడానికి మోషన్ (కోర్టుకి అర్జీ) వేసుకోవచ్చు అనుకోండి, గుడ్ కాజ్, అంటే సరైన కారణం, చూపించాలి, అదో తలనొప్పి.

ఇంతా చేసి అందరూ 2021 రూల్స్‌కి అలవాటు పడ్డారా, 2023లో లెజిస్లేచర్ ఫ్యామిలీ కేసులకి మాత్రం మళ్లీ వెనక్కి తిప్పింది. 2023 సెప్టెంబర్ 1 తర్వాత ఫైల్ అయిన విడాకులు, పిల్లల కస్టడీ కేసుల్లో డిస్కవరీకి ఫ్యామిలీ కోడ్‌లోనే వేరే చాప్టర్ పెట్టారు, అందులో డిస్‌క్లోజర్లు మళ్లీ అడిగితేనే ఇచ్చే పద్ధతి. సో ఇప్పుడు పొద్దున కాంట్రాక్ట్ కేసు, మధ్యాహ్నం విడాకుల కేసు చూసే లాయర్‌కి ఒకే కౌంటీలో రెండు రకాల డిస్కవరీ. సివిల్ చేసి చేసి ఎప్పుడో ఒక ఫ్యామిలీ కేసు పట్టుకునేవాళ్లు, అటునుంచి ఇటు వచ్చేవాళ్లు, వీళ్లే తడబడేది. క్లాసులో ఈ పాయింట్ వచ్చినప్పుడు వెనక వరుసలో అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు తలెత్తారు, అది చాలు ఆ కోర్సు ఫీజుకి.

ఇక సోమవారం పది గంటలు. ఇది లాయర్లకే కాదు ఇక్కడ ఉండే మనవాళ్లందరికీ పనికొచ్చే ముక్క కాబట్టి కాస్త సాగదీస్తా. టెక్సాస్ డిస్ట్రిక్ట్ కోర్టులోనో కౌంటీ కోర్టులోనో మీమీద దావా పడి కాగితాలు చేతికొస్తే, ఆన్సర్ గడువు రూల్ 99 ప్రకారం ఇలా ఉంటుంది: సర్వీస్ అయిన రోజు నుంచి 20 రోజులు దాటాక వచ్చే సోమవారం పొద్దున 10 గంటల లోపు. సాయంత్రం అయిదు కాదు, అర్ధరాత్రి కాదు, పొద్దున పది. ఉదాహరణకి 2025 మార్చి 5 బుధవారం కాగితాలు ఇచ్చారనుకోండి, 20 రోజులంటే మార్చి 25 మంగళవారం, ఆ తర్వాత సోమవారం మార్చి 31, ఆరోజు పదింటిలోపు ఫైల్ అవ్వాలి. మంగళవారం కాగితాలు అందితే ఇరవయ్యో రోజు ఎప్పుడూ సోమవారమే పడుతుంది, కానీ ఆ సోమవారం కాదు, దాని తర్వాతది. ఫెడరల్ కోర్టులో అయితే 21 రోజులు, కాలిఫోర్నియా స్టేట్ కోర్టులో 30, అక్కణ్ణించి ఇక్కడికి ప్రాక్టీస్ మార్చుకున్న లాయర్లు మొదట్లో ఈ పది గంటల లెక్క నమ్మరు. దీనికి తోడు జస్టిస్ కోర్ట్ అని కిందిస్థాయిది ఒకటుంది, 20,000 డాలర్ల దాకా వివాదాలు అక్కడే, క్రెడిట్ కార్డ్ బాకీల దావాలు చాలావరకు అక్కడే పడతాయి, అక్కడ గడువు 14 రోజులు, సోమవారం లేదు గీమవారం లేదు.

మనవాళ్లు చేసే పని ఏంటంటే, ఇంటి తలుపు దగ్గర ఎవడో కాగితాలిచ్చిపోతే స్కామ్ అనుకుని డ్రాయర్లో పడేస్తారు, లేదా వాట్సాప్ గ్రూపులో పెట్టి "అన్నా దీనికి రిప్లై ఇవ్వాలా" అని అడుగుతారు, అక్కడ పది మంది పది చెప్తారు, ఈలోగా సోమవారం వెళ్లిపోతుంది, డిఫాల్ట్ జడ్జిమెంట్ వచ్చేస్తుంది. మన భాషలో ఎక్స్‌పార్టీ డిక్రీ, ప్రతివాది పలకలేదు కాబట్టి వాది వైపే వచ్చే తీర్పు. దాన్ని తీయించడానికి ఇక్కడ వాడే పరీక్ష 1939 నాటి క్రాడాక్ కేసులోది, కావాలని ఎగ్గొట్టలేదని, చెప్పుకోదగ్గ డిఫెన్స్ ఉందని, అవతలివాళ్లకి నష్టం ఉండదని చూపించాలి. న్యూ ట్రయల్ మోషన్‌కి జడ్జిమెంట్ రోజు నుంచి 30 రోజులు. మన దగ్గర ఆర్డర్ 9 రూల్ 13 కింద సెట్ అసైడ్ పిటిషనూ దానికి తోడు ఆలస్యాన్ని మన్నించమనే కండోన్ డిలే పిటిషనూ వేసేసి నాలుగు వాయిదాలు తిరగడం అలవాటున్నవాళ్లకి ఆ 30 రోజులు అంటే కళ్లు తిరుగుతాయి.

ఆన్సర్ ఏం రాయాలి అనేదాంట్లో మాత్రం టెక్సాస్ చాలా సుఖం. గుంటూరులో మేం రిటన్ స్టేట్‌మెంట్ రాసేటప్పుడు పారా 3లో చెప్పినవి అబద్ధం, పారా 4లో చెప్పినవి అబద్ధం, వాదే స్ట్రిక్ట్ ప్రూఫ్ ఇచ్చుకోవాలి అని ప్రతి పారాకీ రాసేవాళ్లం, ఎందుకంటే ఆర్డర్ 8 రూల్ 5 ప్రకారం విడిగా కాదనకపోతే ఒప్పుకున్నట్టే. ఇక్కడ రూల్ 92 కింద జనరల్ డినయల్ అని ఒక్క వాక్యం, "వాది చెప్పినవన్నీ కాదంటున్నాను, రుజువు చేసుకోమనండి" అంతే. కానీ ఆ సుఖంలోనే ఒక గోతి ఉంది. రూల్ 93లో ఒక లిస్టు ఉంది, ఆ సంతకం నాది కాదు, నేను ఆ హోదాలో బాధ్యుణ్ణి కాదు, మేం పార్ట్‌నర్లం కాదు, ఇలాంటివి ప్రమాణం చేసి విడిగా రాయాలి. సరుకు ఖాతా బాకీల దావా, దాన్ని ఇక్కడ సూట్ ఆన్ స్వోర్న్ అకౌంట్ అంటారు, రూల్ 185, దానిక్కూడా అంతే. ఇక్కడ గ్యాస్ స్టేషన్లు, గ్రోసరీ స్టోర్లు నడిపే మనవాళ్ల మీద సప్లయర్లు వేసే దావాలు ఈ రకమే, జనరల్ డినయల్ ఒక్కటి పడేసి హమ్మయ్య అనుకుంటే ఆ లెక్క తప్పు అని తర్వాత వాదించుకోవడానికి నోరుండదు.

ఏది ముందు వెయ్యాలి అనేది కూడా ముఖ్యం. టెక్సాస్‌కి నాతో సంబంధమే లేదు, నామీద ఇక్కడ దావా ఏంటి అనాలంటే రూల్ 120ఎ కింద స్పెషల్ అప్పియరెన్స్ వెయ్యాలి, ప్రమాణంతో, మిగతా అన్నిటికంటే ముందు. వేరే కౌంటీకి మార్చమనే వెన్యూ మోషన్ దాని తర్వాతో, ఆన్సర్‌తో కలిపో. ముందు ఆన్సర్ వేసేసి తర్వాత గుర్తొచ్చిందంటే అయిపోయినట్టే. హైదరాబాద్ తిరిగి వెళ్లిపోయిన ఎన్నారైలకి, ఎప్పుడో ఇక్కడి కంపెనీతో సబ్‌కాంట్రాక్ట్ చేసినవాళ్లకి ఇది చాలా అవసరం, కానీ వాళ్లు కంగారులో ఎవరో ఫ్రెండ్ చెప్పిన ఫారం ముందు ఫైల్ చేసేస్తారు.

సర్వీస్ సంగతి ఇంకా తమాషా. 2020 డిసెంబర్ 31 నుంచి రూల్ 106 మారింది, మామూలు పద్ధతుల్లో కాగితాలు అందించలేకపోతే, జడ్జి ఒప్పుకుంటే, సోషల్ మీడియాలో, ఈమెయిల్‌లో కూడా ఇవ్వచ్చు. ఈ మాట వినగానే మనవాళ్లకి వచ్చే ఐడియా ఒకటే, భార్య ఇండియాలో ఉంది కదా వాట్సాప్‌లో పంపేస్తే పోలా అని. పోదు. ఒక దేశం కోర్టు కాగితాలు ఇంకో దేశంలో ఎలా అందించాలో చెప్పే హేగ్ సర్వీస్ కన్వెన్షన్ అనే ఒప్పందంలో ఇండియా ఉంది, పైగా పోస్టులో నేరుగా పంపడానికి అభ్యంతరం చెప్పింది, మామూలుగా ఢిల్లీలో లా మినిస్ట్రీ ద్వారానే వెళ్లాలి, దానికి పట్టే నెలలు పడతాయి. ఏదోరకంగా ఇక్కడ డిక్రీ తెచ్చుకున్నా అక్కడ చెల్లుతుందా అనేది వేరే ప్రశ్న, తిరుపతిలో జరిగిన పెళ్లికి భర్త మిస్సోరీ కోర్టులో తెచ్చుకున్న విడాకుల్ని 1991లో మన సుప్రీంకోర్టు చెల్లవు అంది, విదేశీ తీర్పులు ఎప్పుడు చెల్లుతాయో చెప్పే సీపీసీ సెక్షన్ 13 మీద ఇప్పటికీ అందరూ ఆ తీర్పే చెప్తారు. డాలస్‌లో ఉండి తెలుగు క్లయింట్లని చూసే లాయర్ ఎవరైనా ఈ రెండు ఒడ్లూ తెలుసుకుని ఉండాలి, కానీ ఈ కాంబినేషన్ మీద నాకు ఇంతవరకు ఒక్క సీఎల్ఈ కూడా కనపళ్లేదు. (ఇది లీగల్ అడ్వైజ్ కాదు బాబూ, మీ కేసుకి మీ లాయర్‌ని అడగండి.)

సీఎల్ఈని ఇంత పొగుడుతున్నానని అన్నీ బాగుంటాయనుకోకండి. సగం చోట్ల స్పీకర్ స్లైడ్ మీద ఉన్న రూల్ ముక్కని చదువుకుంటూ పోతాడు, ఆమాత్రం మేమూ చదవగలం. రికార్డెడ్ వీడియోలు అయితే ఒకవైపు పెట్టి ఇంకోవైపు ఈమెయిల్స్ కొట్టుకునేవాళ్లే ఎక్కువ, ఎవరు చూసొచ్చారు. గంటలు లెక్కేసే సిస్టమ్‌కి ఎంత నేర్చుకున్నావో తెలీదు, ఎంతసేపు కూర్చున్నావో అదే తెలుసు. నాకు నచ్చేవి ట్రయల్ జడ్జిలు వచ్చి, మా దగ్గరకి వచ్చే మోషన్లలో ఏవి ఎందుకు ఎగిరిపోతున్నాయో చెప్పే సెషన్లు. రూల్ 11 గురించి ఒక జడ్జి గారు చెప్పిన తీరు బాగుంది, లాయర్ల మధ్య నోటిమాట ఒప్పందాలు చెల్లవు, రాసి సంతకం చేసి ఫైల్ చెయ్యాలి, లేదా ఓపెన్ కోర్టులో రికార్డ్ మీద చెప్పాలి, ఇద్దరూ మంచివాళ్లే అయినా ఒకరికి సరిగ్గా గుర్తుండదు అని. మన బార్ రూములో "అన్నా ఈసారికి వాయిదా తీసుకుంటా, నో అబ్జెక్షన్ చెప్పు" అని టీ తాగుతూ తేలిపోయే వ్యవహారాలు గుర్తొచ్చాయి నాకు.

మన దగ్గర అడ్వొకేట్లకి ఇలా గంటల లెక్కన తప్పనిసరి చదువు లేదు. జడ్జీలకి జ్యుడీషియల్ అకాడమీలు ఉన్నాయి, లాయర్లకి మాత్రం బార్ అసోసియేషన్‌లో ఎవరైనా పూనుకుని పెడితే లెక్చర్, లేకపోతే సీనియర్ నోటి నుంచి విన్నదే. అక్కడ కూడా నేను పైన అన్న జబ్బే ఉంది. రిటన్ స్టేట్‌మెంట్ 30 రోజుల్లో, మహా అయితే 90 రోజుల్లో వెయ్యాలని ఆర్డర్ 8 రూల్ 1లో ఉన్నా, అది డైరెక్టరీయే, అంటే తు.చ. తప్పకుండా పాటించాల్సింది కాదు, కారణం ఉంటే ఆ తర్వాత కూడా తీసుకోవచ్చు అని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. మన సీనియర్లకి ఈ మాట బాగా ఒంటబట్టింది, కాస్ట్స్ కట్టి వేసేయచ్చులే అంటారు. మామూలు దావాల్లో నిజమే. కానీ కమర్షియల్ దావాల్లో, అంటే వ్యాపార లావాదేవీల గొడవల్లో, 120 రోజులు దాటితే కోర్టుకి కూడా తీసుకునే అధికారం లేదని 2019లో తేల్చేసింది. 2018 సవరణతో కమర్షియల్ కోర్టుల లిమిట్ కోటి నుంచి 3 లక్షలకి దిగింది కాబట్టి అది పెద్ద కంపెనీల గోల మనకెందుకు అనడానికి లేదు, మిర్చి యార్డు వ్యాపారి బాకీ కూడా అందులోకి రావచ్చు. అర్జెంట్ రిలీఫ్ అడగని కమర్షియల్ దావాకి ముందు కమర్షియల్ కోర్టుల చట్టం సెక్షన్ 12ఎ కింద మీడియేషన్‌కి (మధ్యవర్తి దగ్గర రాజీ ప్రయత్నానికి) వెళ్లి తీరాలని 2022లో ఇంకో తీర్పు వచ్చింది, వెళ్లకపోతే ప్లెయింట్ రిజెక్ట్.

మొన్న గుంటూరు నుంచి నా జూనియర్ ఒకమ్మాయి ఫోన్ చేసి, అక్కా మా బార్‌లో సీపీసీ మీద శనివారం క్లాసులు పెడుతున్నాం, ఎలా మొదలుపెట్టమంటావు అని అడిగింది. సెక్షన్ 1 నుంచి మొదలుపెట్టకండి అన్నా, అది అందరికీ వచ్చు, ఎవరూ రెండో వారం రారు. 2002 తర్వాత ఏవేం మారాయో ముందు చెప్పండి, తర్వాత ప్రతివాళ్లనీ తమ ఆఫీసులో వాడే ఫారాలు తెచ్చుకోమని అక్కడే కూర్చుని దిద్దించండి, సీనియర్లని పిలవడం మర్చిపోకండి, వాళ్లని స్పీకర్లుగా పిలుస్తున్నామని చెప్తే వస్తారు. కమర్షియల్ దావాల కట్టల అట్ట మీద సమన్లు అందిన తేదీ, దాని కింద 120వ రోజు తేదీ ఎర్ర ఇంకుతో రాయించమన్నా. గుమస్తా గార్లని కూడా కూర్చోబెడదామా అంది, వాళ్లకే ముందు వరుస ఇవ్వమన్నా.